పోర్టరు కూతురు కోరుకున్న హాలు

సిల్వెస్టర్ కూయిరె ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఎవరి కోసమూ ఒక్క మంచం కూడా అడిగి ఎరగడు. ఈ ముక్క ముందే చెప్పడం మంచిది. తర్వాత జరిగిందంతా అతను జన్మకల్లా నోరు తెరిచి అడిగిన ఆ ఒక్క మంచం మూలంగానే జరిగింది.

కుమాసీ యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టళ్ళను హాళ్ళంటారు. వాటిలో పాతది ఒడుమ్ హాల్. సిల్వెస్టర్ అక్కడ పోర్టరు. పోర్టరంటే స్టేషన్లో పెట్టెలు మోసేవాడనుకునేరు, కాదు. గేటు పక్క గదిలో కూర్చుని నూట యాభై గదుల తాళాలు కనిపెట్టుకుని ఉండే మనిషి. పిల్లలు క్లాసుకు పోతూ తాళం అతని చేతికిచ్చి పోవాలి, తిరిగొచ్చి అతని చేతి నుంచే తీసుకోవాలి. ఆరు వందల మంది పిల్లలు, రోజుకు రెండు సార్లు. పేరుకు పోర్టరే గాని అందరూ 'పాపా' అనే పిలుస్తారు. ఎవరికి ఉబ్బసమో, ఎవరికి పరీక్షనగానే కడుపులో తిప్పుతుందో, ఎవరు మూడు రోజులుగా నానబెట్టిన కర్రపెండలం రవ్వతో కాలక్షేపం చేస్తున్నారో అన్నీ అతనికి కంఠతా వచ్చు. తెచ్చుకున్న అన్నంలో సగం తీసి చాటుగా పెట్టిన రోజులూ ఉన్నాయి. మంచివాడు కాదని ఎవరైనా అంటే ఒడుమ్ హాల్ పిల్లలు జుట్టు పట్టుకుంటారు.

ఆ మంచితనంలో సొంత ఇంటికి దక్కింది మాత్రం తక్కువ. అతని ఊరు నాన్‌డమ్, దేశానికి ఉత్తరాన ఒక మూల. బస్సులో పొద్దున ఎక్కితే మళ్ళీ పొద్దుగూకిందాకా దుమ్ము తింటూ పోవాలి. భార్య పౌలీనా అక్కడే జొన్నచేను చూసుకుంటూ, ఉన్న ఒక్క కూతురినీ పెంచుకుంటూ ఉండిపోయింది. కుమాసీలో అతనికి ఉన్నది సిబ్బంది వరుసలో ఒక్క గది. ఏటా క్రిస్మస్‌కి మూడు వారాలు సెలవు పెట్టి వెళ్ళేవాడు. పిల్ల పుట్టినప్పటి నుంచి ఆ మూడు వారాలన్నీ ఏరుకొచ్చి కలిపినా, తండ్రీ కూతురూ ఒక చూరు కింద గడిపింది ఏడాది దాటి రెండు వారాలు ఉంటుందేమో. ఈ లెక్క అతనికీ తెలుసు. తెలిసి ఏం చేస్తాడు, ఉద్యోగం ఇక్కడుంటే.

అలాంటి మనిషికి కూతురు క్లోటిల్డా, ఇంట్లో పిలిచే పేరు టిల్డా, ఇదే యూనివర్సిటీలో జియలాజికల్ ఇంజనీరింగ్ సీటు తెచ్చుకుంది. నాన్‌డమ్ నుంచి ఆడపిల్ల భూమి లోపల నీళ్ళెక్కడున్నాయో చదవడానికి రావడం అదే మొదలు. కబురు విన్న రోజు సిల్వెస్టర్ తాళాల బల్ల మీద తల ఆన్చి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. పిల్లలొచ్చి 'పాపా, ఒంట్లో బాలేదా' అని అడిగారు. బాలేకపోవడమేంటి, ఇరవై నాలుగేళ్ళలో అంత బాగున్న రోజు లేదతనికి.

ఇక్కడ ఒక నియమం ఉంది. హాల్లో మంచం మొదటి ఏడాది వాళ్ళకే ఇస్తారు. రెండో ఏడాది నుంచి బయట అద్దె గదులు వెతుక్కోవాలి, లాటరీలో పేరొచ్చిన అదృష్టవంతులు తప్ప. అంటే సిల్వెస్టర్‌కి దొరికేది ఒక్క ఏడాది. పొద్దున్నే కూతురు ముఖం చూసి తాళం అందుకోవచ్చు. సాయంత్రం మళ్ళీ ముఖం చూసి తాళం ఇవ్వచ్చు. తిన్నావా అని అడగచ్చు. పోగొట్టుకున్న పద్దెనిమిదేళ్ళలో ఒక్క ఏడాదైనా తిరిగి చేతికొస్తుందని అతని ఆశ. ఆ ఆశ తప్ప ఆ నెలంతా అతని బుర్రలో ఇంకోటి లేదు.

ఏ హాలు కావాలో పిల్లలే కంప్యూటర్లో ఎంచుకోవాలి. ఫలానా రోజు పొద్దున తెరుస్తారు, గంట తిరక్కుండా మంచి గదులన్నీ అయిపోతాయి. అయితే దానికి ముందే ఒక సిఫారసు జాబితా తయారవుతుంది. సిబ్బంది చెప్పిన పిల్లలకంటూ హాలుకి నాలుగు మంచాలు పక్కన పెడతారు. సిల్వెస్టర్ ఊరి వాళ్ళు ఏళ్ళ తరబడి అడిగారు, 'మా పిల్లకి ఒక మంచం ఇప్పించు బావా' అని. ఎవరికీ ఇప్పించలేదు. పెద్ద నీతిమంతుడు వచ్చాడని వాళ్ళు మొహం మీదే అన్నారు కూడా.

ఆ రోజు మాత్రం వెళ్ళి హాల్ ఆఫీసరు మేడమ్ అఫ్రియే ముందు నిలబడ్డాడు.

"మేడమ్, ఒక మంచం కావాలి."

"ఎవరికి?"

"మా అమ్మాయికి."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కుమాసీ ఆడమనిషి, నోటికి జంకూ గొంకూ లేదు. "ఇన్నాళ్ళకి నోరు పెగిలిందా కూయిరె. నువ్వు ఉత్తరాది వాడివో, పొరపాటున దిగొచ్చిన దేవదూతవో తెలియక చస్తున్నా. నేను మా ఆడపడుచు తోటికోడలి పిల్లని కూడా ఎక్కించేశా, నువ్వొక్కడివే మిగిలావు."

"నూటపద్దెనిమిదో గది ఇప్పించండి మేడమ్. కిటికీ పక్క మంచం."

"అబ్బో, గది కూడా చూసిపెట్టుకున్నావన్నమాట." ఆవిడ కాగితం తీసింది. "ఇదిగో, ముందే చెబుతున్నా. ఈ జాబితాలో పేరెక్కితే కంప్యూటర్లో ఆ పిల్లకి ఇంక వేరే హాలు కనపడదు. మళ్ళీ తీయించాలంటే పేరిచ్చినవాళ్ళే సంతకం పెట్టి వదులుకోవాలి. పిల్లనడిగావా?"

"అడిగేదేముంది మేడమ్. తండ్రున్న చోట కాక ఇంకెక్కడుంటుంది?"

చూశారా, అక్కడ చేశాడు. ఆరు వందల మంది పిల్లల్ని దుప్పటి చాలిందా, దోమలున్నాయా అని అడిగే మనిషి, సొంత పిల్లని ఒక్క మాట అడగలేదు. అడగాలని తోచను కూడా తోచలేదు.

తర్వాత రెండు వారాలూ అతను నేల మీద నిలబడలేదు. నూటపద్దెనిమిదో గది అతను ఊరికే ఎంచలేదు. ఏ గది వానకు కారుతుందో, ఏ గదికి నీళ్ళు మూడో రోజుకి గాని ఎక్కవో, ఏ గది పక్కన వంటింటి పొగ వస్తుందో ఇరవై నాలుగేళ్ళుగా చూస్తున్నవాడు. ఆ గదికి మధ్యాహ్నం కూడా గాలి వస్తుంది. కిటికీ రెక్కలకు నూనె వేశాడు. చిరిగిన దోమల జాలీ విప్పేసి కొత్తది కొట్టాడు. గోడ మీద ఎవరో పాత పిల్లలు రాసిన పిచ్చిరాతలు కనపడకుండా సున్నం వేశాడు. తాళానికొచ్చిన ప్రతి పిల్లకీ చెప్పాడు, మా అమ్మాయి వస్తోందని.

"అయితే ఇంక మేమంతా సవతి కూతుళ్ళమన్నమాట పాపా," అని ఒకతె మూతి తిప్పింది.

"నోర్ముయ్, నువ్వెప్పుడూ నా పెద్ద కూతురివే. దగ్గు తగ్గిందా?" అన్నాడు సిల్వెస్టర్.

ఆ సంబరంలో సెలోమ్ కథ కూడా మరో నలుగురికి చెప్పాడు. అది అతను చెప్పని మనిషి లేడు. తొమ్మిదేళ్ళ కిందట సెలోమ్ అనే పిల్ల ఈ హాల్లో ఉండేది. సికిల్ సెల్ జబ్బు. ఒక రోజు మెట్ల మీద నొప్పితో ముడుచుకుని పడిపోతే, కారు కోసం చూడకుండా సిల్వెస్టర్ ఆ పిల్లని రెండు చేతుల మీద ఎత్తుకుని రోడ్డు దాకా పరిగెత్తాడు. ఆసుపత్రిలో రెండు రోజులు మంచం పక్కనుంచి కదలలేదు. ఆ పిల్ల ఇప్పుడు తకొరాడీలో డాక్టరు. ప్రతి క్రిస్మస్ పొద్దున ఫోన్ చేసి 'పాపా, మీరు లేకపోతే నేను లేను' అంటుంది. ఆ ఫోన్ నాన్‌డమ్‌లో వాకిట్లో కూర్చుని ఉండగా వస్తుంది. పెట్టేశాక, చుట్టూ జొన్నకల్లు తాగుతున్న చుట్టాలకి మొత్తం కథ మళ్ళీ మొదటి నుంచి చెబుతాడు. చెప్పడం కూడా బాగా చెబుతాడు, ఆ మెట్లు దిగడం దగ్గర లేచి నిలబడి మరీ చూపిస్తాడు.

కంప్యూటర్లో హాళ్ళు తెరిచిన రోజు పదింటికి టిల్డా ఫోన్ చేసింది.

"నాకు ప్రా హాల్ తెరుచుకోవడం లేదు. 'మీకు మంచం ఇచ్చేశారు, ఒడుమ్ హాల్' అని చూపిస్తోంది."

సిల్వెస్టర్ పెద్దగా నవ్వాడు. "చూపిస్తుంది మరి. నేనే పెట్టించా. నూటపద్దెనిమిది. నీ కోసం ఎలా చేశానో వచ్చి చూడు."

సిగ్నల్ పోయిందేమోనని అతను ఫోన్ మరో చెవికి మార్చుకున్నాడు.

"గురువారం అడ్మిషన్ వైద్య పరీక్షకి వస్తున్నాను. అప్పుడు మాట్లాడతాను," అంది టిల్డా. పెట్టేసింది.

ఆడపిల్లల హాళ్ళలో ప్రా హాలే ఎందుకు అడిగిందో అతను రెండు రోజులు ఆలోచించాడు. ఇంజనీరింగ్ క్లాసులకి దగ్గరని అయ్యుంటుంది. నడక ఎక్కువైతేనేం, సైకిలు ఏర్పాటు చేద్దామని సమాధానం కూడా చెప్పుకున్నాడు. ఎదురుగా ఉన్న జవాబు ఒక్కటే అతనికి కనపడలేదు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి వచ్చింది పిల్ల. ఆ నెలల్లో వీచే ఎడారి గాలికి కనుబొమల దాకా ఎర్రదుమ్ము పట్టి ఉంది. క్రిస్మస్‌కి చూసి నెల కాలేదు, అయినా గేటు దాటి వస్తుంటే ఎవరో కొత్త పిల్ల అనుకుని, 'ఎవరి కోసమమ్మా' అని సగం అడిగేశాడు. అడిగి నాలిక కరుచుకున్నాడు. ఆ సగం మాటా పిల్ల వింది.

"రా తల్లీ, కూర్చో." తాళాల గదిలో బల్ల తుడిచాడు. ఆకులో కట్టించిపెట్టిన అన్నం, బొబ్బర్లు, గుడ్డు ముందు పెట్టాడు. "తిను. నీకోసమే చెప్పి చేయించా."

ఇంతలో కిటికీ దగ్గర ఒక పిల్ల. "పాపా, ముప్ఫై రెండు."

తాళం తీసిచ్చాడు. "మీ అమ్మకి ఆపరేషన్ ఎలా అయ్యింది?"

"బాగా అయింది పాపా. నువ్వు చెప్పినట్టే నేను ఫోన్‌లో ఏడవలేదు."

"మా తల్లే. వెళ్ళి పడుకో."

ఆమె వెళ్ళగానే ఇంకొకతె, నీళ్ళు రావడం లేదని. ఇంకొకతె, ఊరికే, కొత్త బూట్లు చూపించడానికి. ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెప్పి పంపుతున్నాడు. టిల్డా ఆకు విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని వాళ్ళనే చూస్తోంది. కాస్త సందు దొరగ్గానే సిల్వెస్టర్ వచ్చి కూతురికి ఎడమ పక్కన కూర్చుని, మిగతా వాళ్ళకు వినపడకుండా చిన్నగా చెప్పడం మొదలుపెట్టాడు. కిటికీకి నూనె, కొత్త జాలీ, సున్నం, మధ్యాహ్నపు గాలి. ఎప్పుడూ ఎవరికీ అంత ముద్దుగా చెప్పి ఉండడు. చెప్పడం అయ్యాక పిల్ల ముఖంలోకి చూశాడు. ముఖంలో ఏమీ లేదు.

"కోపమా?"

టిల్డా తల తిప్పింది. "ఏమన్నారు? ఇటు పక్కకి వచ్చి చెప్పండి. ఆ చెవి వినపడదు."

"అదేంటి, ఆపరేషన్ చేయించాంగా. బాగయిందిగా?"

"లేదు. ఎప్పుడూ బాగవలేదు."

సిల్వెస్టర్ లేచి కుడి పక్కకి వచ్చాడు గాని, చెప్పినవన్నీ మళ్ళీ చెప్పడానికి నోరు రాలేదు. ఇన్నేళ్ళుగా ఏ పక్క కూర్చుని ఆ పిల్లతో మాట్లాడాడో అతనికే తెలియదు.

"నేనిక్కడికి ఇదివరకొకసారి వచ్చాను. గుర్తుందా?" అంది టిల్డా.

"ఎందుకు లేదు. ఆ ఆపరేషన్‌కే మీ అమ్మ తీసుకొచ్చింది. తొమ్మిదేళ్ళు నీకు. ఐస్‌క్రీమ్ కొనిపెట్టా, చొక్కా అంతా పోసుకున్నావ్."

"అది ముందు రోజు. ఆపరేషన్ రోజు మీరు రాలేదు."

"పని పడుంటుంది తల్లీ."

"పనే. సెలోమ్ అక్కని ఎత్తుకుని పరిగెత్తారు."

సిల్వెస్టర్‌కి మొదట అర్థం కాలేదు. సెలోమ్ కథలో ఇంకెవరూ లేరు. ఆ కథలో మెట్లున్నాయి, రోడ్డుంది, మంచముంది, ఆ పిల్ల ఉంది, తనున్నాడు. ఇన్ని వందల సార్లు చెప్పాడు, ఎన్నడూ అందులో పౌలీనా లేదు, చెవికి కట్టు కట్టుకున్న తొమ్మిదేళ్ళ పిల్లా లేదు.

"ఆసుపత్రి కూడా అదే," అంది టిల్డా. గొంతు పెంచలేదు. "మీరు కింద, మేము పైన. అమ్మ మెట్లు దిగొచ్చి మిమ్మల్ని పిలిచింది. 'ఈ పిల్లకి ఇక్కడెవరూ లేరు, మనదానికి నువ్వున్నావుగా' అన్నారట మీరు."

అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. పౌలీనా కట్టుకున్న చీటిగుడ్డ రంగుతో సహా గుర్తొచ్చింది. అన్నప్పుడు అది చాలా న్యాయమైన మాటలాగే అనిపించింది.

"పాపా, తొంభై ఆరు," అని కిటికీలోంచి ఎవరో పిలిచారు. సిల్వెస్టర్ లేవలేదు. ఆ పిల్ల లోపలికి తొంగి చూసి, తనే చెయ్యి చాపి తాళం తీసుకుని చప్పుడు చెయ్యకుండా పోయింది.

"ఇన్ని క్రిస్మస్‌లు... ఒక్కసారైనా చెప్పచ్చు కదే."

"మీరు కథ మొదలుపెట్టగానే అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళేది. ఎందుకు వెళ్తున్నావని మీరెప్పుడూ అడగలేదు. నేను చెబుతానంటే అమ్మే వద్దంది. మీ నాన్నకి ఉన్నది అదొక్కటే కథే, దాన్నీ పాడుచెయ్యకు అంది."

సిల్వెస్టర్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఏడుపొస్తోంది. ఇరవై నాలుగేళ్ళలో ఆ గదిలో ఎంతమందో ఏడ్చారు, అందరికీ తనే మంచినీళ్ళిచ్చాడు. తనకు వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియలేదు.

"ఈ ఒక్క ఏడాది ఇవ్వు తల్లీ," అన్నాడు చివరికి. "సరిచేసుకుంటాను. ఎప్పుడూ ఏదీ అడగలేదు నిన్ను."

"నాకు మీమీద కోపం లేదు. ఇంటికి డబ్బులు పంపారు, చదివించారు. మీరు మంచివాళ్ళని నాకు తెలుసు. నాన్‌డమ్ నుంచి ఇక్కడి దాకా తెలియని వాళ్ళు లేరు." ఒళ్ళోని ఆకు పొట్లాన్ని బల్ల మీద పెట్టింది. "కాని ఇక్కడుంటే రోజుకి రెండు సార్లు తాళం కోసం మీ ముందు నిలబడాలి. వాళ్ళందరి వెనక. నా ముందు పిల్లని దగ్గు తగ్గిందా అంటారు, నా వెనక పిల్లని అమ్మ బాగుందా అంటారు. మధ్యలో నన్నూ ఏదో అడుగుతారు. నావల్ల కాదు. ఇంటి దగ్గర మీరు లేకపోతే, దూరంలో ఉన్నారులే అనుకునేదాన్ని. ఇక్కడ అలా అనుకోవడానికి కూడా ఉండదు."

సిల్వెస్టర్ బల్ల మీది పొట్లాన్ని మళ్ళీ పిల్ల వైపు జరిపాడు.

"ఇవాళ నాలుగింటికి హాళ్ళ ఎంపిక మూసేస్తారు," అంది టిల్డా. "మీరు సంతకం పెడితే గాని నాకు వేరే హాలు రాదు."

మూడు దాటింది అప్పటికి. సిల్వెస్టర్ లేచి కూతురిని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. విషయం విని మేడమ్ అఫ్రియే పిల్లని బయట కూర్చోమని తలుపు దగ్గరగా వేసింది.

"నీకేమైనా మతి పోయిందా కూయిరె? కాగితం ఈ సొరుగులో ఉంది. నేను తియ్యను, నువ్వు అడక్కు. ఇంకో ముప్పావు గంట ఎక్కడైనా టీ తాగిరా. నాలుగు కొట్టిందంటే మంచం ఖాయం, పిల్ల ఖాయం. వారం రోజులు మూతి ముడుచుకుంటుంది, తర్వాత తనే నాన్నా అంటూ వస్తుంది. ఇంత మంది పిల్లల్ని చూశాం, మనకి తెలియదా?"

సిల్వెస్టర్ గోడ గడియారం చూశాడు. ముప్పావు గంట. ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. తలుపు సందులోంచి టిల్డా కనపడుతోంది. ఎవరో దారిన పోయే పిల్ల పలకరిస్తే, వినపడేందుకు తల కుడి పక్కకి తిప్పి వింటోంది. ఎన్నేళ్ళ అలవాటో, ఎంత తేలిగ్గా తిప్పిందో.

"మొదటిసారి నేను అడక్కుండా నిర్ణయించాను మేడమ్. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు," అన్నాడు. "కాగితం ఇవ్వండి."

"ఏంటో నీ మాటలు," అని మేడమ్ సొరుగు లాగింది. కాగితం ఇస్తూ అతని ముఖం చూసి, తన పెన్ను కూడా తీసిచ్చింది.

కాగితంలో ఒక గడి ఉంది, వదులుకోవడానికి కారణం అని. సిల్వెస్టర్ అక్కడ పెన్ను ఆపాడు. చాలాసేపు ఆలోచించి, 'విద్యార్థిని కోరిక' అని రాసి సంతకం పెట్టాడు.

టిల్డా ఫోన్లోనే ప్రా హాల్ ఎంచుకుని, అక్కడ ఇంకా మిగిలిన గదులు చూసింది. మూడో అంతస్తా, ఒకటో అంతస్తా అని తేల్చుకోలేక ఆగింది. అతను అడక్కుండానే చెప్పాడు. "మూడో అంతస్తు తీసుకో. కింద గదుల్లో వానాకాలం చెమ్మెక్కుతుంది. తూర్పు వైపు తీసుకో, సాయంత్రం ఎండ పడదు. మంచం మాత్రం..." ఆగాడు. "గోడకి ఎడమ పక్క తగిలేలా వేసుకో. పిల్లలు మాట్లాడితే కుడి చెవికి వినపడుతుంది."

పిల్ల ఫోన్ మీద వేలు ఆపి అతన్ని చూసింది. ఆ రోజుకి మొదటిసారి తిన్నగా చూసింది. మూడో అంతస్తు, తూర్పు వైపు, నొక్కింది.

"వెళ్తాను మరి. వైద్య పరీక్ష కాగితాలు తెచ్చుకోవాలి."

"తిని వెళ్ళరాదూ."

"బస్సులో తింటాను." పొట్లం తీసుకుంది. గేటు దాకా అతను వెంట నడిచాడు. అక్కడ ఇద్దరూ కాసేపు నిలబడ్డారు. ఒకరినొకరు దగ్గరికి తీసుకోవడం ఆ ఇద్దరికీ అలవాటు లేదు. టిల్డా తల వంచి, ఊళ్ళో పెద్దవాళ్ళ ముందు వంగినట్టు కొంచెం మోకాళ్ళు వంచి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. పరాయి పెద్దమనిషికి పెట్టినంత మర్యాదగా పెట్టింది. అది చూడలేక సిల్వెస్టర్ ముఖం తిప్పుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి మేడమ్ అఫ్రియే ఇంకో కాగితం పంపించింది. ఖాళీ అయిన మంచం నాలుగింటి లోపు నింపాలి. ఒడుమ్ హాల్ వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఎసినామ్, మెకానికల్ ఇంజనీరింగ్, ఊరు కేటా. ఫోన్ చేసి చెప్పడం పోర్టరు పని. ఇన్నేళ్ళూ చేస్తున్న పనే, ఆ పూట వేరేవాళ్ళకి అప్పగించినా ఎవరూ కాదనరు. అతను మాత్రం తనే నంబరు నొక్కాడు.

తండ్రి ఎత్తాడు. వెనక సముద్రం హోరు, వల లాగుతున్న మనుషుల కేకలు.

"ఒడుమ్ హాల్ నుంచి మాట్లాడుతున్నానండి. మీ అమ్మాయికి మంచం వచ్చింది. నూటపద్దెనిమిదో గది, కిటికీ పక్క. ఇప్పుడే ఒప్పుకుంటున్నట్టు చెప్పాలి."

"దేవుడా, నిజమేనా? ఒప్పుకుంటున్నాం బాబూ, ఒప్పుకుంటున్నాం. పొద్దున్నుంచి పిల్ల అన్నం ముట్టలేదు." ఆ మనిషి వెనకవాళ్ళని ఊరుకోమని కసిరాడు. "మీరెవరండీ?"

"పోర్టర్ని."

"అయ్యా, మీకు దణ్ణం పెడతా. మాది చేపల బతుకు, కుమాసీలో మాకు తెలిసిన పురుగు లేదు. ఇంత వరకు నా పిల్ల నన్ను వదిలి ఒక్క రాత్రి ఉండలేదు. మీకూ పిల్లలుంటారు కదా. మీ కన్నకూతురిలాగే చూసుకోండి, అంతకంటే నేనేమీ అడగను."

ఈ మాట ఇరవై నాలుగేళ్ళలో ఎన్ని వందల మంది తండ్రులు అన్నారో. ప్రతిసారీ అలాగేనండీ అనేవాడు. ఈసారి అతని చూపు నూటపద్దెనిమిదో తాళం మీద ఆగిపోయింది. అటు మనిషి లైన్ పోయిందేమోనని హలో హలో అంటున్నాడు.

"లేదండీ," అన్నాడు సిల్వెస్టర్. "కన్నకూతురి కంటే బాగా చూసుకుంటాను."

అటు పక్క మనిషి ఫోన్ పక్కకి తీసి, ఒడ్డు మీద ఉన్న వాళ్ళందరికీ వినపడేలా అరిచాడు. "విన్నారర్రా, కన్నకూతురి కంటే బాగా చూసుకుంటాడంట." వల వదిలేసి వాళ్ళంతా సంతోషంగా చప్పట్లు కొట్టడం సిల్వెస్టర్‌కి చాలాసేపు వినపడింది.